నూనె తాగిన బంతి

మొన్న విజయవాడ నుంచి గుంటూరు వస్తూ మంగళగిరి దగ్గర రోడ్డు పక్కనున్న టిఫిన్ హోటల్లో ఆగాను. దోసె తింటూంటే పళ్ళెం అంచు కింద, బల్ల మీద నల్లటి బాణం గుర్తు ఒకటి కనిపించింది. పళ్ళెం జరిపి చూశాను. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి. అన్నీ వరసగా ఒకే దిక్కుకి చూస్తున్నాయి. నా ఎదురుగా కూర్చున్న లారీ డ్రైవరు, చీమకుర్తి నుంచి రాయి తోలుకొస్తున్నాడట, ఆ బాణాల మీదే సాంబారు గిన్నె పెట్టుకుని నిమ్మళంగా తింటున్నాడు. నాకు మాత్రం సంగతేమిటో తెలిస్తే గానీ ముద్ద దిగదు. హోటలాయన్ని పిలిచి అడిగాను. హైవే పక్క మాల్‌లో బౌలింగ్ ఆట ఎత్తేశారనీ, ఆ నేల పలకలు అమ్ముతుంటే కొని బల్లలు చేయించాననీ, ఎంత నూనె ఒలికినా ఒక్క తుడుపుకే పోతుందనీ చెప్పాడు.

నూనె అనేసరికి ఆమె గుర్తొచ్చింది. దోసె చల్లారిపోయింది.

ఆమె పేరు రాయను. "రాసుకుంటే రాసుకోండి గానీ పేరు మాత్రం పెట్టొద్దు మేడం, మా చుట్టాలు ఫోన్లు చేసి చంపుతారు" అని ఆమే అంది, చాలా కాలం క్రితం. అన్నమాట ప్రకారం పెట్టడం లేదు.

అప్పుడు నేను గుంటూరులో ఒక కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. వాళ్ళ ఇంటి పైవాటా అద్దెకు తీసుకున్నాను. కింద వాళ్ళు ముగ్గురే ఉండేవారు: ఆమె, ఆమె భర్త, అత్తగారు. ప్రత్తిపాడు వైపు సొంతూళ్ళో మిరప, పత్తి వేసేవారు. ఆయనకు టౌన్లో పురుగుమందుల కొట్టుంది. మాట్లాడితే నోటిముత్యాలు రాలతాయేమోనన్నట్టు ఉండే మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ అత్తాకోడళ్ళవే.

చేరిన మర్నాడు పొద్దున్నే మెట్లు దిగుతూ ఒక దృశ్యం చూసి ఆగిపోయాను. నలభై దాటిన ఆవిడ, కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కుడిచేతిలో నిండా నీళ్ళున్న ఇత్తడి చెంబు పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. నాలుగడుగులు ముందుకు వేసింది. చెంబున్న చెయ్యి వెనక్కి ఊగి ముందుకొచ్చింది. ఆఖరి అడుగులో ఎడమ కాలు నున్నటి రాతి మీద జర్రున జారింది, కుడికాలు దాని వెనకగా అడ్డంగా వెళ్ళింది. చుక్క నీరు ఒలకలేదు. ఆ నీళ్ళు కరివేపాకు మొక్కలో పోసి, మళ్ళీ చెంబు నింపుకొచ్చి, మళ్ళీ అదే చేసింది. ఏదో మొక్కు కాబోలు అనుకున్నాను. అత్తగారు అరుగు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. ఆమెను అడిగాను.

"మా కోడలు బంతాట ఆడుద్దమ్మా. గచ్చు మీద దొర్లించే బంతి. రోకలిబండ కన్నా బరువుంటది. మూడు కన్నాలుంటయ్యి" అంది ఆవిడ, మా కోడలికి కాస్త జలుబు చేసింది అన్నంత మామూలుగా.

ఆ వీధిలో సగం మందికి బౌలింగ్ అంటే క్రికెట్టే. ఫాస్టా, స్పిన్నా అని ఆమె భర్తను కొట్లో అడిగేవారట. ఆయన కాసేపు ఆలోచించి, స్పిన్నే అనుకోండి అనేవాడట. మరీ అబద్ధమేం కాదు.

ఆట ఆమెకు అంటుకున్న తీరు కూడా మా ప్రాంతానికే చెల్లుతుంది. పురుగుమందుల కంపెనీ వాళ్ళు సీజన్ బాగా నడిచిన ఏడాది డీలర్లకు కుటుంబాలతో సహా విందు ఇచ్చారు. ఆ మాల్‌కి తీసుకెళ్ళారు. మగవాళ్ళు అద్దె బూట్లు వేసుకుని బంతులు విసిరి, వేళ్ళు నలుపుకుని, నవ్వుకున్నారు. ఆడవాళ్ళు సోఫాల్లో కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నారు. ఈమె మాత్రం ఐస్‌క్రీమ్ కరిగి చీర మీద పడుతున్నా పట్టించుకోకుండా పక్క లేన్ వైపే, బంతి దొర్లించే పొడుగాటి చెక్కబాట వైపే, చూస్తూ కూర్చుందట. అక్కడ ఒక కుర్రవాడు సొంత బంతి తెచ్చుకుని ఆడుతున్నాడు. అతను వదిలిన బంతి లేన్ అంచున కాలవలో పడిపోతుందా అన్నట్టు వెళ్ళి, చివర్లో ఎవరో పిలిచినట్టు గబుక్కున లోపలికి తిరిగి, ఆ కొసన సీసాల్లా నిలబెట్టిన పది పిన్నుల నడుమ దూరి వాటిని పడగొట్టేది.

"అదెందుకు బాబూ అట్టా తిరిగింది?" అని వెళ్ళి అడిగింది. అతను చెప్పాడు. లేన్ ముందు భాగమంతా పల్చగా నూనె రాసి ఉంటుంది, కంటికి కనపడదు. చివరి భాగం పొడిగా ఉంటుంది. మెలిపెట్టి వదిలిన బంతి నూనె మీద జారుకుంటూ పోయి, పొడి నేల తగలగానే పట్టు దొరికి తిరుగుతుంది. అందుకని బంతి కన్నా ముందు నూనె ఎంతవరకు ఉందో కనిపెట్టాలి.

ఆమెకు పట్టిన పిచ్చి ఆట కన్నా ఆ కనపడని నూనెదే అంటాను నేను. మరుసటి వారమే ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. ఎవరూ చూడటం లేదనుకుని గీత దాటి వేలితో నేల తాకి, ముక్కు దగ్గర పెట్టుకుందట. పాపం అక్కడి కుర్రాళ్ళు ఈ పెద్దావిడకి ఏదో పోయింది కాబోలనుకుని వాళ్ళూ వంగి వెతికారు.

ఆ తర్వాత ఏ నేలా ఆమెకు ఒట్టి నేల కాదు. కల్యాణమండపంలో అందరూ పెళ్ళికూతురి చీర చూస్తుంటే ఈమె చెప్పులు విడిచి, ఎడమ కాలిని రెండు బెత్తలు జార్చి చూసి, "ఇక్కడ మైనం రుద్దారు" అనేది. కనిగిరిలో వాళ్ళ పిన్నిగారి కొత్తింటి గృహప్రవేశానికి నన్నూ తీసుకెళ్ళింది. అందరూ దేవుడి గది మెచ్చుకుంటున్నారు. ఈమె హాల్లో గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, నేల పొడుగునా చూసి, గచ్చు ఈశాన్యానికి పల్లంగా ఉందని తేల్చింది. వాస్తు ప్రకారం ఉండాల్సింది అదే కనక ఇంటాయన పొంగిపోయి ఇంకో లడ్డూ వేయించాడు. ఆమె లడ్డూ తింటూ, ఈ పల్లానికి బంతి ఎంత పక్కకి పోతుందో నాకు లెక్క చెప్పడం మొదలుపెట్టింది.

కుడి బొటనవేలు ఆమెకు వేరే మనిషి. బంతి కన్నంలో రాసుకుని రాసుకుని దానికి కాయ కాసింది. పచ్చళ్ళు కలిపేటప్పుడు ఎడమచెయ్యే వాడేది. కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మాత్రం రెండు చేతులూ తప్పేవి కావు. అలా ఒకసారి కల్లం నుంచి నేరుగా ఆటకెళ్ళింది. ఆమె సొంత బంతిని అందించిన మాల్ కుర్రాడు కన్ను నులుముకుని, కుళాయి దగ్గరకి పరుగెత్తాడు. అప్పటి నుంచి ఆ బంతి జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. ఒక రకంగా అదీ మంచిదే అనేది.

ఇంతకీ ఆమెలో నన్ను ఆకర్షించింది ఇవేవీ కాదు. బంతి గురి తప్పినప్పుడు ఆమె ముఖం. మనమైతే అయ్యో అంటాం. ఆమె అనేది కాదు. బంతి వదిలిన చెయ్యి చెవి పక్కన అలాగే లేచి ఉండగా, వెనక్కి తిరిగి, నేను ఉంటే నన్నూ, నేను లేకపోతే బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న వాళ్ళనీ అడిగేది, ఏం చేశాను అని. ఒకసారి నేను మర్యాదకి, బానే వేశారండి అన్నాను. ఆమెకు చిరాకొచ్చింది.

"బానే వేస్తే పడేయి గదా మేడం. పడలేదంటే తప్పెక్కడో ఉంది. నాదా, నేలదా, నూనెదా? అది తెలిస్తే చాలు నాకు, నిద్ర పడుద్ది" అంది.

ఇంట్లోనూ ఇదే వరస. పెరుగు తోడుకోకపోతే పాలదా, తోడుదా, చలిదా అని మూడు గిన్నెల్లో మూడు రకాలుగా తోడుపెట్టి తేల్చేది. ఒక ఏడు పత్తి కాయ రాలిపోతే భర్త ఖర్మ అని ఊరుకున్నాడు. ఈమె చేలోకి వెళ్ళి మొక్కలు పీకి, వేళ్ళు చూసి, నీళ్ళు నిలిచిన చోటే రాలాయని పట్టుకుంది. ఖర్మ అన్న మాట ఆమె నోట నేను వినలేదు. అత్తగారికి మాత్రం అన్నిటికీ ఒకటే సమాధానం, దిష్టి. ఈ ఇద్దరూ ఒక కప్పు కింద ఎలా ఉండేవారా అని నాకు వింతగా ఉండేది. బాగానే ఉండేవారు. ఒకరు కారణం వెతికేలోపు ఇంకొకరు ఉప్పూ మిరపకాయలూ తిప్పేసేవారు.

చిక్కల్లా ఆ మాల్‌తోనే. అక్కడ నూనె రాసే మిషను సగం రోజులు పనిచేసేది కాదు. జనం లేని రోజుల్లో ఏసీ వేసేవారు కాదు. నేల కూడా ఒక వారకి దిగబడిందని ఆమె అనుమానం. అంచేత బంతి తప్పిన ప్రతిసారీ తప్పు ఎవరిదో తేలకుండానే మిగిలిపోయేది. అలాగే ఆడి, రాష్ట్రం పోటీలకు వెళ్ళింది, దేశం పోటీలకు వెళ్ళింది. ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్య ఈమె. చివరికి అనేక దేశాలు కలిసి అనేక ఆటలు ఆడే పెద్ద పోటీలకు ఆడవాళ్ళ జట్టులో ఎంపికైంది.

కబురు తెలిసిన రోజు అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, అవతల ఆడేది ఎవరు అని. అవతల ఎవరూ ఉండరనీ, ఎవరి బంతి వాళ్ళు వేసుకుంటారనీ, చివర్లో ఎవరివి ఎక్కువ పడ్డాయో చూస్తారనీ కోడలు చెప్పింది. శత్రువు లేని ఆట ఏం ఆటే అని ఆవిడ పెదవి విరిచింది.

ఆ సాయంత్రం ఆమె పైకొచ్చి నా గది గుమ్మంలో కూర్చుంది. పతకం వస్తుందా అని అడిగాను, అందరిలాగే. నవ్వింది.

"అంత లేదు మేడం. అక్కడ నేల మట్టంగా ఉంటది. నూనె సరిగ్గా రాస్తారు. చల్లగా ఉంటది. అక్కడ తప్పంటూ వస్తే అది నాదే. నేనెంతదాన్నో ఆ ఒక్కచోటే తెలుసుద్ది."

ఆమెకు కావాల్సింది అదొక్కటే అని నాకు అప్పుడు అర్థమైంది.

పోటీలు దసరా రోజుల్లో పడ్డాయి. ఆ ఇంట్లో దసరా అంటే పనిముట్ల పండగ. ట్రాక్టరు, మందు కొట్టే పంపు, కాటా, కొడవళ్ళు, కొట్లో కత్తెరతో సహా అన్నీ కడిగి, ఇనుము తుప్పు పట్టకుండా నువ్వులనూనె పట్టించి, పసుపూ కుంకుమా పెట్టి హారతిచ్చేవారు. అత్తగారు ఒక్కతే దగ్గరుండి చేసేది, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. ఆ ఏడు కోడలి ఆయుధం పండగకి ముందే ఊరు దాటుతోంది. అందుకని ఆవిడే ఒక నిర్ణయం తీసుకుంది. కోడలు ప్రయాణం పనుల మీద బజారుకెళ్ళిన పూట సంచీలోంచి బంతిని తీసింది. కొడవలికి ఎలా పట్టించేదో అలాగే దానికీ నూనె పట్టించింది. మెరిసేదాకా రుద్దింది. మూడు కన్నాలూ చూసి, ముక్కంటి శివుడే వచ్చాడు అనుకుని వాటిలోనూ తలా ఒక చుక్క పోసింది. బొట్లు పెట్టి, హారతిచ్చి, కొత్త గుడ్డలో చుట్టి, మళ్ళీ సంచీలో పెట్టేసింది.

కోడలు వచ్చి సంచీ తెరిచి చూస్తే కర్పూరం వాసన, గుడ్డకి కుంకుమ. బొట్టు పెట్టారనుకుంది. పై పైన తుడిచి, అత్తగారి కాళ్ళకు దండం పెట్టి బయల్దేరింది. వీధి చివరిదాకా వచ్చి అత్తగారు అందరితో చెప్పింది, పూజ చేసి పంపుతున్నా, ఇంక తిరుగు లేదని.

ఆట తెలియని వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఆ బంతి పైపొర గాజులాగా ఉండదు. సన్నటి రంధ్రాలతో నూనె పీల్చుకుంటుంది. పీల్చుకున్న కొద్దీ పట్టు తగ్గిపోతుంది. లేన్ మీద నూనె అంటినందుకే ఆడేవాళ్ళు ప్రతిసారీ బంతిని తుడుచుకుంటారు. ఇక్కడేమో చెంచాలకొద్దీ నువ్వులనూనె, రోజుల తరబడి గుడ్డలో ఊరింది.

అక్కడ ఏం జరిగిందో తిరిగొచ్చాక నాకు చెప్పింది. మొదటి రోజు అలవాటు కోసం వేసుకునే బంతులు. నేల అద్దంలా ఉంది. నాలుగడుగులు వేసి వదిలింది. బంతి తిన్నగా పోయింది, తిరగలేదు. నిలబడే చోటు మార్చింది, వేగం తగ్గించింది, మెలి పెంచింది. అయినా తిన్నగానే పోయింది. అప్పుడు బంతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవకాయ జాడీ మూత తీసిన వాసన.

మధ్యాహ్నం హోటలు గదికి వెళ్ళి బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, సబ్బు కలిపి, బంతిని అందులో పెట్టిందట. మరీ వేడినీళ్ళు పోస్తే పగులుతుంది. నీళ్ళు పచ్చగా మారేవి. పారబోసి మళ్ళీ పోసేది. చంటిపిల్లకి పోసినట్టు పోశాను మేడం అంది. తీరా ఆట మొదలయ్యాక, బంతి దొర్లి దొర్లి వెచ్చబడేసరికి లోపలి నూనె మళ్ళీ పైకి ఊరింది. ఆట నడుమ పొడిగుడ్డతో తుడుచుకోవడం తప్ప ఏ మందూ పెట్టకూడదు. ఇంకొకరి బంతి తీసుకుందామంటే ఆ కన్నాలు ఇంకొకరి చేతికి తొలిచినవి, ఈమె వేళ్ళకి పట్టవు. ఈమె దగ్గరున్న రెండో బంతి మిగిలిపోయిన పిన్నులు కొట్టడానికే, అది ఎప్పుడూ తిన్నగానే పోతుంది. అన్ని ఆటలూ అలాగే ఆడింది. పట్టికలో ఆమె పేరు కింద వరసల్లోనే ఉండిపోయింది.

"స్థానం సంగతి వదిలెయ్యండి. అంత దూరం పోయి, మా అత్తయ్య రాసిన నూనె ఎంత పని చేస్తదో తెలుసుకొని వచ్చాను. నా సంగతి తెలీనే లేదు" అంది. చెబుతూ నవ్వింది. నవ్వు సగంలోనే కళ్ళు తుడుచుకుంది. నాకు ఆ ముసలావిడ మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఊరు మాత్రం ఘనంగా చేసింది. ఫ్లెక్సీ కట్టారు, శాలువాలు కప్పారు. ఎలా ఓడిందో తలా ఒకరు చెప్పారు. తిండి పడలేదన్నారు, నిద్ర చాలలేదన్నారు, పిల్లల మధ్య పెద్దావిడ ఏం చేస్తుందన్నారు. అత్తగారు అన్నీ విని, దిష్టి తగిలిందమ్మా, నేను పూజ చేసి పంపబట్టి మనిషి క్షేమంగా వచ్చింది అనేది. కోడలు ఆ పక్కనే నిలబడి వినేది.

ఆమెను పైకి పిలిచి, పెద్దావిడకి చెప్పకండి, తట్టుకోలేదు అన్నాను. ఆమె నన్ను విచిత్రంగా చూసింది. చెప్పకపోతే వచ్చే దసరాకి మళ్ళీ రాస్తుంది గదా అంది. మళ్ళీ తనే, "నా తప్పు నాకు తెలియాలని నేను అంత కొట్టుకుంటిని. ఆమె తప్పు ఆమెకి తెలియనక్కర్లేదా మేడం? ఆమె ఏం తక్కువ?" అంది. నేను అలా ఎప్పుడూ ఆలోచించలేదు.

నోటితో చెప్తే నమ్మదని మాల్‌కి తీసుకెళ్ళింది. చూడాలన్న ఆత్రంతో నేనూ వెంటపడ్డాను. అత్తగారు కదిలే మెట్లు ఎక్కనంది, మామూలు మెట్ల మీదుగా పైకొచ్చి, బెంచీ మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. కోడలు శుభ్రంగా ఉన్న బంతిని వేసింది. అది అంచుదాకా పోయి, చివర్లో తిరిగి, పిన్నులన్నిటినీ ఊడ్చేసింది. ముసలావిడ చప్పట్లు కొట్టింది. అప్పుడు కోడలు సంచీలోంచి చిన్న సీసా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆ రోజు చేసినట్టే బంతికి నూనె పట్టించమంది. ఆవిడ సంతోషంగా, శ్రద్ధగా రుద్దింది. బొట్టు కూడా పెట్టబోతే అది అక్కర్లేదని ఆపింది. మళ్ళీ అదే చోట నిలబడి, అవే అడుగులు వేసి వదిలింది. బంతి తిన్నగా వెళ్ళి, అంచున ఉన్న ఒక పిన్నుని తగిలీ తగలకుండా తోసి, చీకట్లోకి పోయింది.

ఇంకోసారి వెయ్యమంది ముసలావిడ. వేసింది. మళ్ళీ వెయ్యమంది. బంతి అదే దారిన పోయింది. పక్క లేన్లో ఎవరిదో పుట్టినరోజు, కేకలూ పాటలూ. ముసలావిడ ఒళ్ళోని నూనె సీసాకి మూత బిగించింది. నాకు ఎందుకొచ్చానా అనిపించింది.

"నేనేనా అమ్మాయ్?" అంది చివరికి.

"మీరే అత్తయ్యా. తెలీక చేశారు."

"మరి వచ్చిన రోజే చెప్పక, నేను ఊరంతా పూజ సంగతి చెప్పుకుంటంటే వింటా నిలబడ్డావా?" అని కసిరింది.

ఇంటికొచ్చేదాకా ఇంకో మాట లేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు కోడలితో పలకలేదు. అన్నం పెట్టమనడానికి గిన్నె చప్పుడు చేసేది. నేను ముందే చెప్పానా అన్నట్టు కోడలి వైపు చూశాను. ఆమె తొణకలేదు. చూసింది గదా, ఇంక ఆమె తీరికన ఆమె ఆలోచించుకుంటుంది అంది.

ఒక ఉదయం ముసలావిడ ఆయాసపడుతూ నా వాటాకి ఎక్కి వచ్చింది. మంచం మీద కూర్చుని, ఆ పోటీలు మళ్ళీ ఎప్పుడొస్తాయని అడిగింది. వెంటనే రావనీ, మధ్యలో వేరే దేశాలకు పంపడానికి బెంగుళూరులో ఎంపిక జరుగుతుందనీ చెప్పాను. బంతి తుడవడానికి ఏ గుడ్డ మంచిదని అడిగింది. మెత్తటిదీ, పీల్చుకునేదీ అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం చూస్తే, పోయిన భర్త పంచె ఒకటి పెట్టెలోంచి తీసి, చదరంగా చించి, అంచులు కుట్టుకుంటోంది. తర్వాత వచ్చిన దసరాకి బొట్టు సంచీ పట్టీకి మాత్రమే పెట్టింది. నూనె సీసా వంటింట్లోంచి బయటికి రాలేదు.

బెంగుళూరికి ముగ్గురం వెళ్ళాం. కాలేజీకి సెలవులు కావడం నాకు వంక. అక్కడ నేల మట్టంగా ఉంది, మిషను పనిచేస్తోంది, లోపల చలేస్తోంది. ఆమె బంతి వేసి వెనక్కి రావడం, అది కిందినుంచి దొర్లుకుంటూ తిరిగి రావడం, ముసలావిడ దాన్ని రెండు చేతులా ఆపి, పంచె ముక్కతో చుట్టూ తుడిచి, ముక్కుతో వాసన చూసి కోడలికి అందించడం. ఒక్కసారి కూడా ఆ పని మరిచిపోలేదు. పక్కన ఆడే పిల్లలు మొదట నవ్వారు, తర్వాత నానమ్మా మా బంతి కూడా అన్నారు. ఆవిడకి అర్థం కాని భాషలో అడిగినా అర్థమై, మీ అమ్మని రమ్మను అంది తెలుగులో.

రెండు రోజులు ఆడింది. మొదటి రోజు చక్కగా ఆడింది. రెండో రోజు చివరి ఆటకొచ్చేసరికి ఆమెకీ ఇంకో అమ్మాయికీ పోటీ పడింది, ఉన్నది ఒక్క చోటే. ఆఖరి బంతుల్లో ఒకటి సరిగ్గా తిరిగింది గానీ రెండు పిన్నులు మిగిలాయి, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. రెండూ పడాలి. ఆమె నిలబడింది. ఎప్పుడూ తీసుకునేంత సేపు తీసుకోలేదని నాకు అనిపించింది. నాలుగడుగులు వేసింది, చివరి అడుగు ముందే జారింది. బంతి రెండింటి నడుమనుంచి ఏమీ తగలకుండా వెళ్ళిపోయింది. చోటు ఆ అమ్మాయికి దక్కింది.

చెయ్యి చెవి పక్కన అలాగే ఉంది. కాసేపు అటే చూసి వెనక్కి తిరిగింది. ఈసారి నన్నేమీ అడగలేదు. ముసలావిడ తిరిగొచ్చిన బంతిని గభాల్న ఒళ్ళోకి తీసుకుంది, తుడిచింది, తిప్పి తిప్పి చూసింది, మూడు కన్నాల్లోనూ గుడ్డ పెట్టి తిప్పి వాసన చూసింది.

"శుభ్రంగానే ఉంది గదే అమ్మాయ్. నూనె లేదు. చూడు, చుక్క లేదు."

"లేదత్తయ్యా. బంతి బానే ఉంది, నేలా బానే ఉంది. కంగారుపడి కాలు ముందే జార్చాను. నాదే తప్పు. మొత్తం నాదే."

ఆ మాట అంటూ ఆమె అత్తగారి పక్కన చతికిలబడి, తల వెనక్కి వాల్చి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెను అంత సంతోషంగా నేను ఎన్నడూ చూడలేదు.

ముసలావిడ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. నిజమే చెబుతోందని నమ్మకం కుదిరాక బంతి పక్కన పెట్టి, అదే గుడ్డతో ఆమె నుదుటి మీది చెమట తుడిచింది.

"సరేలే, అయితే పద. ఆకలేస్తంది" అంది.